చిత్తకార్తె రాకముందే: ఊళ్లో ప్రతి కుక్కకీ ఓ ఇల్లు చూపించడం ఎలా

రాత్రి అన్నం ముద్ద వేసేటప్పుడు "మా కుక్క". పాలకేంద్రం దగ్గర ఎవరి పిక్కో పట్టుకున్నప్పుడు "ఊరకుక్కండీ, మాది కాదు". గోదావరి డెల్టా ఊళ్లలో కుక్కల తగువంతా ఈ రెండు మాటల మధ్యే నడుస్తుంది. అందుకే టీకా, ఆపరేషను, గొలుసు, వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ప్రతి కుక్కనీ ఒక ఇంటి పేరున రాయించడం.

లెక్క రాయడం

తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఏడు లోపు తిరగాలి. ఎండెక్కితే కుక్కలు అరుగుల కిందికీ గడ్డిమేట్ల వెనక్కీ పోతాయి. వీధికి ఇద్దరు చొప్పున, వరసగా రెండు రోజులు తిరగండి. రెండో రోజు కొత్తగా కనబడ్డవి మొదటి రోజు తప్పిపోయినవే. పుస్తకంలో రంగు, ఆడదా మగదా, ఎవరింట తింటోంది, టీకా ఎప్పుడు పడింది అన్నవి రాసుకుని, ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆ కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయిపోయిందని గుర్తు. చేపల, రొయ్యల చెరువు గట్లు, కొబ్బరితోటల్లో పాకలు, చికెన్ కొట్టు వెనకవైపు, ఈ మూడూ వదిలేస్తే లెక్క సగమే.

ఇంటివాళ్లని అడిగే తీరు ముఖ్యం. "మీ కుక్క కరుస్తోందంట" అని మొదలుపెట్టారా, "మాది కాదండీ" అన్న జవాబు తయారుగా ఉంటుంది. దానికి బదులు "పిన్నిగారూ, ఈ గోధుమరంగుది రోజూ మీ అరుగు మీదే పడుకుంటుంది కదండీ, టీకా వేయిద్దామనుకుంటున్నాం, పేరేం పెట్టారు?" అనండి. ఆవిడ పేరు చెప్పారంటే సగం పని అయినట్టే. ఆ పూటే దాని మెడకు ఓ రంగు పట్టీ కట్టించండి. పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. పిల్లకుక్కకైతే పదిహేను రోజులకోసారి వదులు చేయాలి, లేకపోతే పెరిగే మెడలోకి పట్టీ దిగి, పుండై, పురుగులు పడతాయి.

కార్తెల లెక్కన ఆపరేషను

"చిత్తకార్తె కుక్క" అన్న మాట ఊరికే పుట్టలేదు. అక్టోబరు 10 తర్వాత వచ్చే ఆ రెండు వారాల చుట్టుపక్కలే ఊరకుక్కలు ఎక్కువగా జతకడతాయి. కడుపు 63 రోజులు. అంటే పిల్లలు డిసెంబరు రెండో సగంలో గడ్డిమేట్ల కింద పుడతాయి, సంక్రాంతికి పిల్లల చేతుల్లోకి వస్తాయి, శివరాత్రికి కాలువగట్టు మీద గోనెసంచిలో తేలతాయి. గోనెసంచి దాకా రాకూడదంటే ఆపరేషన్లు ఆగస్టు ఆఖరుకి పూర్తి కావాలి. ఎదకొచ్చాక చేస్తే రక్తస్రావం ఎక్కువ. మగదానికి చేసినా నెలా నెలన్నర దాకా జతకడితే కడుపు వచ్చే అవకాశం ఉంటుంది. పెంపుడు ఆడకుక్కలు మాత్రం కార్తె చూసుకోవు, ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తాయి, వాటికి ఆరు నెలలు నిండగానే చేయించవచ్చు.

ఆపరేషనుకు ముందు రాత్రి నుంచి మేత పెట్టొద్దు. కడుపు నిండా ఉంటే మత్తులో కక్కి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత పది రోజులు మన దగ్గర అసలు కష్టం. వానాకాలం, బురద, ఈగలు. కుట్లు తడిస్తే విచ్చుకుంటాయి. ఎత్తుగా ఉన్న పొడి అరుగు మీద కట్టి, పాత బనీను ముందుకాళ్లు చేతుల్లోంచి దూర్చి తొడిగితే కుట్లు నాకదు. రోజుకు రెండుసార్లు చూడండి. వాసన వచ్చినా, వాపు పెరిగినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

వీధికుక్కల ఆపరేషను స్థానిక సంస్థ బాధ్యతని 2023 జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. పట్టిన చోటే వదలాలని కూడా. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని, షెల్టరులో ఉంచాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆటోలో వేసి లాకులు దాటించి పక్క ఊళ్లో వదిలే అలవాటు నేరం, పైగా వృథా ప్రయాస. ఖాళీ అయిన వీధికి నెల తిరక్కుండా వేరే కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉండదు.

టీకా రోజు

ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ఆసుపత్రి దూరమైతే రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడితో మాట్లాడి ఊళ్లోనే పెట్టించుకోవచ్చు. ఊరి కుక్కల్లో నూటికి 70కి టీకా పడితే రేబిస్ ఒకదాన్నించి ఒకదానికి అంటుకునే గొలుసు తెగుతుంది, అంతకు తగ్గితే తెగదు.

ఏ సైజు కుక్కకైనా మోతాదు 1 మిల్లీలీటరే. పది మిల్లీలీటర్ల సీసా తెరిస్తే ఆ రోజే అయిపోవాలి కాబట్టి కుక్కల్ని పదుల్లో పిలవండి. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. పెట్టెలో ఐసు మీద సీసా నేరుగా పెట్టకుండా గుడ్డ చుట్టండి. పిల్లకుక్కలకు మొదటి టీకా మూడు నెలలు నిండాక, మళ్లీ నెలకు ఇంకోటి, ఆపైన ఏటా. డిసెంబరు పిల్లలకు ఇది మార్చి ఆఖరున పడుతుంది. టీకా వేశాక అరగంట అక్కడే ఉంచండి. మొహం వాచినా వాంతి అయినా డాక్టరు పక్కనే ఉంటారు.

పొద్దున్నే మొదలెట్టి తొమ్మిదికి ముగించాలి. పట్టుకోవడానికి పెద్దవాళ్లే రావాలి, ఎదలో ఉన్నదాన్ని ఆ రోజు తేవొద్దు. మూతి కట్టడం అందరికీ నేర్పాలి. పాత నూలుచీర అంచు రెండు వేళ్ల వెడల్పు, గజం పొడవు చించండి. మధ్యలో వదులుముడి వేసి, మూతి సగానికి దూర్చి పైన బిగించండి. కొసలు రెండూ గడ్డం కింద ఒక ముడి, అక్కడ్నించి చెవుల వెనక్కి తీసుకుపోయి లాగితే ఊడే ముడి. నైలాన్ తాడు వాడొద్దు, కోసుకుపోతుంది. ఒగరుస్తున్నదానికీ, వాంతి చేసుకుంటున్నదానికీ, పగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకూ మూతి కట్టకూడదు. నాలుగైదు నిమిషాలకు మించి ఉంచొద్దు.

కట్టడం, పెట్టడం

పగలూ రాత్రీ మూడడుగుల గొలుసుకు కట్టిన కుక్క కాపలా కాయదు, కసి పెంచుకుంటుంది. పొట్టి గొలుసుకు అదేపనిగా కట్టేయడం 1960 జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. పెరడున్నవాళ్లు రెండు రాటల మధ్య ఆరడుగుల ఎత్తున పాతిక అడుగుల తీగ లాగి, దానికి రింగు వేసి, రింగుకు గొలుసు తగిలించవచ్చు. రాటకు నాలుగడుగుల ఇవతల తీగకు అడ్డు ముడి వేయాలి, లేకపోతే కుక్క రాట చుట్టూ తిరిగి మెడ బిగించుకుంటుంది. రాటల బదులు కొబ్బరిచెట్లు వాడదామనిపిస్తుంది. వద్దు. మట్టలూ కాయలూ రాలేది దాని నెత్తిమీదే. పొద్దునా సాయంత్రం చెరో అరగంట తాడు పట్టి తిప్పండి. పెంట కాగితంతో తీసి పెరట్లో గోతిలో పూడ్చండి, మంచినీళ్ల చెరువుగట్టున వద్దు.

వీధికుక్కలకు పెట్టేవాళ్లు ఒకే చోట, ఒకే వేళకు పెట్టి, పావుగంటలో మిగిలింది తీసేయాలి. బడి గేటు, గుడి మెట్లు ఆ చోటు కాకూడదు. అసలు గుంపులు పెరిగేది అన్నం ముద్దల వల్ల కాదు, చికెన్ కొట్టు వ్యర్థాలు కాలువగట్టున పోయడం వల్ల. కొట్టువాళ్లకు మూత డ్రమ్ము, రోజూ తీసుకెళ్లే బండి ఏర్పాటు చేయాలని పంచాయతీ తీర్మానం చేస్తే ఆరు నెలల్లో తేడా కనబడుతుంది.

చెరువు గట్ల కుక్కల సంగతి వేరు. చేపలూ రొయ్యలూ పట్టడం అయి లీజు తీరగానే కాపలావాళ్లు వెళ్లిపోతారు, కుక్క అక్కడే మిగిలిపోతుంది. లీజు కాగితంలోనే కుక్క ఎవరితో వెళ్తుందో ఒక లైను రాయించండి.

కరిస్తే

పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు రాయొద్దు. కడిగిన వెంటనే ప్రభుత్వాసుపత్రికి. చర్మంలోకి వేసే టీకా అదే రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోకి వేసే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే మందు) కూడా అడగాలి. కుక్కని చంపొద్దు, కట్టి పది రోజులు చూడాలి. కానీ పది రోజులు ఆగి చూద్దామని టీకా ఆపకూడదు. నిర్లక్ష్యంగా వదిలిన కుక్క మనిషికి హాని చేసే పరిస్థితి తెస్తే, యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాడిగేదెను కరిచినా తేలిగ్గా తీసుకోకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి.

వరదొస్తే

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంక గ్రామాల్లో ఆ కబురు చెవిన పడ్డప్పుడే గొలుసు విప్పేయాలి. రెండోది, 13 లక్షలది, వచ్చేదాకా ఆగితే పెరట్లోకి పోయే దారే ఉండకపోవచ్చు. మెడపట్టీ ఉంచి, ఆరడుగుల తాడు, టీకా కార్డు ప్లాస్టిక్ కవర్లో, మూడు రోజుల మేత మూట కట్టుకోండి. చాలామంది పడవవాళ్లు కుక్కని ఎక్కించుకోరు. చీర అంచుతో మూతి కట్టి చూపిస్తే ఎక్కువమంది సరేనంటారు, గట్టెక్కగానే విప్పేయండి. నీళ్లు తీశాక రెండు వారాలు నిలవ నీళ్లు తాగనివ్వకండి. వాటిలో ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరా కుక్కకీ, దాన్ని కడిగే మనిషికీ కూడా అంటుతుంది. ఆ రోగం కూడా కలిసిన ఏటేటి టీకాను మే నెలలోనే వేయించి పెట్టుకోండి.