కరెంటు వచ్చాకే అసలు తిప్పలు: వానలకి ముందు ఆఫీసు సర్వర్ ఐపీ జాగ్రత్తలు

నెల్లూరుకి అసలు వానలు అక్టోబరులో మొదలవుతాయి. పై జిల్లాలకి నైరుతితోనే పని గడిచిపోతుంది గానీ మనకీ, అటు కందుకూరు, సింగరాయకొండ వైపుకీ ఈశాన్య రుతుపవనాలే దిక్కు. డిసెంబరు దాకా అల్పపీడనం అన్న మాట వినపడినప్పుడల్లా ఎక్కడో ఒకచోట కరెంటు పోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి, హైవే కూడా తెగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటకముందే నెల్లూరుని ముంచింది.

సీజన్ వస్తోందంటే ఆఫీసుల్లో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోస్తారు, జనరేటర్‌కి డీజిల్ తెచ్చిపెడతారు. మూల గదిలో ఉన్న వెబ్ సర్వర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని వెతికి పట్టుకునే నంబరు) సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. రైస్ మిల్లు కానీండి, రొయ్యల మేత డీలరు కానీండి, డయాగ్నొస్టిక్ ల్యాబు కానీండి, బిల్లులకో రిపోర్టులకో ఇలాంటి సర్వర్ ఒకటి ఇప్పుడు అంతటా ఉంది. బయటి బ్రాంచీల వాళ్లు బ్రౌజర్‌లో తెరిచేది దాన్నే. కరెంటు లేనంతసేపూ ఎవరూ ఫోన్ చెయ్యరు, లేదని అందరికీ తెలుసు కాబట్టి. కరెంటు వచ్చిన గంటకి మొదలవుతాయి: "అన్నా, నెట్ వస్తానే ఉండాది, మన సైటే తెరుచుకోవడంలా."

ఈ మాట వినపడితే తొంభై పాళ్లు అడ్రస్ గొడవే అనుకోండి. సర్వర్ చెడిపోలేదు, లైను తెగలేదు. కరెంటు వచ్చినప్పుడు ఎవరి అడ్రస్‌లో ఎవరో కూర్చున్నారు, లేకపోతే ఒకరు అడ్రసే లేకుండా లేచారు.

వానలు రాకముందు

మొదటి పని కాగితం మీద. సర్వర్ లోపలి ఐపీ (ఆఫీసు నెట్‌వర్క్‌లో వాడేది), సబ్‌నెట్ మాస్క్ (ఆ నెట్‌వర్క్ హద్దు చెప్పే అంకె), గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ ఐపీ), డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ ఎంతో చెప్పే సర్వర్), నెట్ వాళ్లు ఇచ్చిన పబ్లిక్ ఐపీ (బయటివాళ్లకి కనిపించేది), రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చేవాళ్లని సర్వర్‌కి పంపే ఏర్పాటు) ఏయే నంబర్లకి పెట్టారో, సర్వర్ మ్యాక్ అడ్రస్ (తయారీ కంపెనీ మెషీన్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు), రౌటర్ మ్యాక్ అడ్రస్, నెట్ కనెక్షన్ కస్టమర్ నంబరు. ఇవన్నీ రాసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించండి. ఎక్సెల్‌లో చక్కగా టైపు చేసి ఆ ఫైలుని అదే సర్వర్‌లో దాచుకునే మహానుభావులు ఉన్నారు. అవసరం పడినరోజు అది తెరుచుకోదు కదా.

తర్వాత డీహెచ్‌సీపీ. రౌటర్ తనంతట తాను ఐపీలు పంచిపెట్టే ఏర్పాటు ఇది. చాలా ఆఫీసుల్లో సర్వర్‌కి 192.168.1.10 అని చేత్తో పెట్టేసి ఊరుకుంటారు. రౌటర్ మాత్రం 2 నుంచి 254 దాకా అన్నీ తనవే అనుకుంటూ ఉంటుంది. సర్వర్ నడుస్తున్నంత కాలం ఇబ్బంది బయటపడకపోవచ్చు. కరెంటు పోయి వచ్చిందనుకోండి, వేలిముద్రల హాజరు మిషనో సీసీ కెమెరాల డీవీఆరో క్షణంలో లేచి కూర్చుంటుంది, సర్వర్ లేవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఈలోపు ఆ 10వ నంబరు రౌటర్ చేతుల మీదుగా ఇంకొకరికి పోయి ఉంటుంది. అందుకని రౌటర్ పంచే నంబర్లని 100 నుంచి 200 దాకా అని కట్టేయండి, సర్వర్‌ని ఆ హద్దుకి బయట ఉంచండి.

ఇదే పనిని రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టి కూడా చెయ్యొచ్చు. ఈ మ్యాక్ అడ్రస్‌కి ఈ ఐపీయే ఇవ్వమని దానికి చెప్పి ఉంచడమన్నమాట. పుస్తకం ప్రకారం అదే శుభ్రమైన పద్ధతి. కానీ మన దగ్గర పిడుగులకీ, ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకీ ముందు పోయేది రౌటరే. కొత్తది పెట్టిన రోజు రిజర్వేషన్లన్నీ గల్లంతు. కాబట్టి వానాకాలం మటుకు నా ఓటు సర్వర్‌లోనే చేత్తో రాసిన ఐపీకి.

పబ్లిక్ ఐపీ నిజంగా స్టాటిక్కేనా, అంటే మారకుండా ఉండేదేనా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. రౌటర్ పేజీలో వ్యాన్ (WAN) ఐపీ అని, బయటి లైను వైపు నంబరు ఒకటి కనపడుతుంది. బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని వెతికితే ఇంకొకటి చూపిస్తుంది. రెండూ ఒకటే అయితే మంచిదే. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, మీ నెట్ వాళ్లు ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎందరినో కలిపి కూర్చోబెట్టారని అర్థం. 10తోనో 192.168తోనో మొదలైనా దాదాపు అదే కథ, లేదంటే మీ రౌటర్‌కీ బయటికీ మధ్య ఇంకో రౌటర్ ఉంది. అలా ఉన్నప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటివాళ్లు లోపలికి రాలేరు. స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కడుతుంటే దాని గడువు ఎప్పుడో చూసుకోండి. నవంబరులో పడితే సెప్టెంబరులోనే కట్టేయండి. గడువు దాటిందని కనెక్షన్ మామూలు ప్లానులోకి జారితే, నెట్ వస్తూనే ఉంటుంది గానీ ఐపీ మారిపోతుంది. బయటినుంచి చూసేవాళ్లకి ఇది తుపాను దెబ్బలాగే కనిపిస్తుంది.

రౌటర్ సెట్టింగులని ఫైలుగా దించుకునే బటన్ దాదాపు అన్ని రౌటర్లలో ఉంటుంది. దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఆ ఫైలు అదే మోడల్‌కి తప్ప పనికిరాదు కాబట్టి స్పేర్ కొనేటప్పుడు అదే మోడల్ కొనండి, ఇప్పుడే సెట్ చేసి డబ్బాలో పెట్టండి. ఇంకో చిక్కుంది. కొందరు నెట్ వాళ్లు కనెక్షన్‌ని పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌కి ముడివేసి ఉంచుతారు. కొత్త రౌటర్ ఎన్నిసార్లు ఆన్ చేసినా ఐపీ రాదు. వాళ్లకి ఫోన్ చేసి మార్పించాలి, లేదా కొత్త రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అన్నచోట పాత నంబరు రాయాలి. కాగితం మీద రౌటర్ మ్యాక్ కూడా రాయమన్నది ఇందుకే.

డొమైన్ పేరు వాడుతుంటే దాని డీఎన్ఎస్ రికార్డులో టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. 86400 అని ఉంటే, ఐపీ మార్చినా కొందరికి రోజంతా పాత అడ్రసే కనపడుతుంది. దాన్ని 300కి తగ్గిస్తే 5 నిమిషాలతో సరిపోతుంది. ఐపీ మారిన రోజు తగ్గించి లాభం లేదు, అంతకుముందే కనీసం ఒకరోజు ముందు తగ్గించి ఉండాలి. అక్టోబరు మొదట్లో తగ్గించి సంక్రాంతి అయ్యాక పెంచుకుంటే చాలు.

సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది. గోడకి వేలాడే ఫైబర్ బాక్స్‌కీ రౌటర్‌కీ ఉండదు. చూడటానికి చిన్న విషయమే, తిప్పలన్నీ అక్కడే. ఆ రెంటికీ సరిపోయే చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, ఒకటి పెట్టండి. రెండు బిల్డింగుల మధ్య ఆరుబయట రాగి ల్యాన్ కేబుల్ లాగి ఉంటే దాన్ని ఫైబర్‌కి మార్చడం మేలు. అది కుదరకపోతే ఉరుములు మొదలవగానే రెండు కొసలా పీకేయండి. నేల తడిగా ఉన్న గదిలో ర్యాక్ మీద చెయ్యి వెయ్యొద్దు. సైటు ఒక గంట ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు.

కరెంటు వచ్చాక

ఆన్ చెయ్యడానికి ఒక వరస ఉంది. ముందు ఫైబర్ బాక్స్, దాని లైట్లు నిలబడ్డాక రౌటర్, తర్వాత నెట్‌వర్క్ స్విచ్ (ల్యాన్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె), ఆఖర్న సర్వర్. వోల్టేజీ కుదురుకునేదాకా ఓ పది నిమిషాలు అన్నీ ఆఫ్‌లో ఉంచినా తప్పులేదు. కరెంటు రాగానే సర్వర్ తనంతట తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో (మెషీన్ లేవకముందు కనిపించే సెట్టింగుల్లో) పెట్టి ఉంటే ఈ వరస తప్పుతుంది, అది గమనించండి.

అయినా సైటు రాలేదు. అప్పుడు సర్వర్ దగ్గర మొదలుపెట్టి బయటికి నడవాలి. ఎక్కువమంది తిరగేసి చేస్తారు, ముందు నెట్ వాళ్లకి ఫోన్ కొట్టి టిక్కెట్ పెట్టిస్తారు.

సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig కొట్టండి. లినక్స్ అయితే ip address కమాండ్. కాగితం మీదున్న నంబరే కనపడితే ముందుకి పోవచ్చు. 169.254తో మొదలైన నంబరు కనపడితే సర్వర్‌కి ఎవరూ ఐపీ ఇవ్వలేదు, దానికదే ఒకటి పెట్టుకుంది. రౌటర్ ఇంకా లేవకముందే సర్వర్ లేచి ఉండాలి, లేదా కేబుల్ ఊడి ఉండాలి. చేత్తో ఐపీ పెట్టిన విండోస్ సర్వర్‌లోనూ 169.254 కనపడిందంటే, ఆ ఐపీ మీద ఇంకొకరు ఉన్నారని విండోస్ కనిపెట్టి పక్కకి తప్పుకుందన్నమాట.

ఆ ఇంకొకరు ఎవరో పట్టుకోవడం తేలికే. సర్వర్ ల్యాన్ కేబుల్ పీకేయండి. పక్క కంప్యూటర్‌లో కూర్చుని ping 192.168.1.10 (ఆ అడ్రస్‌లో ఎవరైనా పలుకుతారా అని అడిగే కమాండ్) కొట్టండి. సర్వర్ బయట ఉంది కాబట్టి జవాబు రాకూడదు. వచ్చిందా, దొంగ దొరికినట్టే. వెంటనే arp -a కొడితే ఆ ఐపీ పక్కన మ్యాక్ అడ్రస్ కనపడుతుంది. అందులో మొదటి ఆరు అక్షరాలు తయారీ కంపెనీవి, ఇంటర్నెట్‌లో వెతికితే కెమెరా కంపెనీయో ప్రింటర్ కంపెనీయో తేలిపోతుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. పింగ్‌లో రిప్లై ఫ్రం అని కనపడగానే జవాబు వచ్చిందనుకుంటారు. వరస చివర డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని ఉంటే అది మీ కంప్యూటరే మీకు చెబుతున్న మాట, అవతల ఎవరూ లేరు.

ఐపీ సరిగ్గా ఉండి, గేట్‌వేకి పింగ్ పోతున్నా సైటు రాకపోతే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని చూడండి. అపాచీ, ఎన్‌జింక్స్ లాంటివాటిలో ఏ ఐపీ మీద వినాలో, అంటే ఏ ఐపీకి వచ్చినవాళ్లకి జవాబివ్వాలో రాసి ఉంటుంది. అక్కడ ఫలానా ఐపీ అని కచ్చితంగా రాసి ఉండి, అది లేచే క్షణానికి ఆ ఐపీ ఇంకా రాకపోతే సర్వీసు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మెషీన్ ఆన్‌లోనే ఉంటుంది, పింగ్‌కి పలుకుతుంది, పేజీ మాత్రం రాదు. సర్వీసుని ఒకసారి రీస్టార్ట్ చేస్తే వచ్చేస్తుంది. మళ్లీ జరగకుండా అన్ని ఐపీల మీదా వినేలా మార్చండి, లేదా సర్వీసుని నెట్‌వర్క్ వచ్చాకే లేచేలా పెట్టండి.

రౌటర్ కొత్తది పెట్టారా? విండోస్ దాన్ని కొత్త ఊరు అనుకుంటుంది. నెట్‌వర్క్‌ని పబ్లిక్ అని గుర్తుపెట్టుకుని ఫైర్‌వాల్ బిగించేస్తుంది. ప్రైవేట్‌కి మారిస్తే సరి. విసుగెత్తి ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి ఇంటికెళ్లిపోవడం, రౌటర్‌లో డీఎంజెడ్ పెట్టి అన్ని పోర్టులూ తెరిచేయడం మాత్రం వద్దు. బయటికి తెరవాల్సినవి వెబ్ పేజీల పోర్టులే: 443, అవసరమైతే 80. రిమోట్ డెస్క్‌టాప్ 3389ని తాత్కాలికంగా అని తెరిచి మర్చిపోయారంటే, తుపాను కన్నా పెద్ద నష్టం ఆ దారినే వస్తుంది.

ఇప్పుడు బయటినుంచి చూడాలి. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద సైటు తెరవండి. ఆఫీసు వైఫై మీదే ఉండి పబ్లిక్ ఐపీ కొట్టి రాలేదని గోల పెట్టడం దండగ. చాలా రౌటర్లు లోపలివాళ్లని బయటి ఐపీ మీదుగా తిప్పి మళ్లీ లోపలికి తీసుకురావు. మొబైల్‌లో వస్తోందంటే బయట అంతా బాగుంది, ఆఫీసు సిస్టమ్స్‌కి లోపలి ఐపీ ఇస్తే చాలు. ఆఫీసులో ఒక్క సిస్టమ్‌కే రాకపోతే దాని హోస్ట్స్ ఫైలు (సైటు పేర్లకి ఐపీలు చేత్తో రాసిపెట్టుకునే చోటు) తెరిచి చూడండి. ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన పాత ఐపీ అందులో ఇంకా ఉండొచ్చు.

బ్రాంచీల్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకి వస్తూ, మొబైల్ డేటా వాళ్లకి మాత్రమే రాకపోతే ఐపీవీ6 (కొత్త రకం పొడవాటి ఐపీ) మీద అనుమానపడండి. మొబైల్ నెట్‌వర్కులు ఎక్కువగా దాని మీదే నడుస్తాయి. డొమైన్‌లో మామూలు ఐపీ చెప్పే A రికార్డుతో పాటు ఐపీవీ6 చెప్పే AAAA (క్వాడ్ ఏ) రికార్డు కూడా ఉండి, అందులో పాత ఐపీవీ6 అడ్రస్ మిగిలిపోతే ఫోన్లు అటే వెళ్లి ఆగిపోతాయి. ఐపీవీ6 వాడకపోతే ఆ రికార్డు తీసేయండి.

సైటు తెరుచుకుని, సర్టిఫికెట్ చెల్లదని హెచ్చరిక వస్తే, ఆ హెచ్చరిక చూపిన కంప్యూటర్ గడియారం చూడండి. రోజుల తరబడి కరెంటు లేకపోతే, మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిన పాత మెషీన్‌లో తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. బిళ్ల మార్చి తేదీ సరిచెయ్యండి. ఐపీ గొడవ కాదిది, కానీ అదే గంటలో అదే ఫోన్ కాల్‌గా వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ఇంత చేసినా కుదరనప్పుడు రౌటర్ వెనక సన్న కన్నంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టాలని చెయ్యి దురద పెడుతుంది. బ్యాకప్ ఫైలు చేతిలో లేకపోతే ముట్టుకోవద్దు. పోర్ట్ ఫార్వర్డింగ్ పోతుంది, నెట్ లాగిన్ పోతుంది, లోపలి రేంజి 192.168.1 కాస్తా 192.168.0 అయినా కావచ్చు. అప్పుడు చేత్తో ఐపీ పెట్టిన ప్రతి మెషీనూ దారి తప్పుతుంది. అలాగే ఇంట్లో ఉన్న పాత వైఫై రౌటర్ తెచ్చి స్విచ్‌లో గుచ్చొద్దు. అది కూడా ఐపీలు పంచడం మొదలుపెడితే సగం ఆఫీసు ఒక గేట్‌వేకి, సగం ఇంకో గేట్‌వేకి పోతుంది.

చెట్టు కూలి స్తంభాల మీది ఫైబర్ తెగితే కరెంటు వచ్చినా లైను వెంటనే రాదు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి నడిపిద్దామంటారు. ఆఫీసువాళ్లు బయటి సైట్లు చూసుకోవడానికి పనికొస్తుంది గానీ, మామూలు సిమ్ మీద బయటివాళ్లు మీ సర్వర్‌లోకి రాలేరు. అందుకని అల్పపీడనం వార్త రాగానే బ్రాంచీలకి ఆ వారం అవసరమైన ధరల పట్టిక, స్టాకు లెక్క పీడీఎఫ్‌గా పంపేయండి. లైను వచ్చేదాకా బిల్లులు చేతి పుస్తకంలో రాసుకోమని, నంబర్లు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో కూడా ముందే చెప్పండి.