తిరగని హింజ్ చివరికి ఎలా తిరిగిందంటే (నా అనుభవం)

అనంతపురంలో మా షాపులో చేసే ట్రాక్టర్ టిప్పింగ్ ట్రాలీని అబాకస్‌లో (భాగాల మీద బలాలు, కదలికలు కంప్యూటర్లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) మోడల్ చేశాను. జాకీ ఎంత తోసినా తొట్టి లేవదు, పిన్ను దగ్గర లగ్గులు (పిన్ను దూరే రంధ్రాలున్న చెవులు) మాత్రం, ఒత్తిడి ఎక్కువని చూపే ఎరుపు రంగులో మెలితిరిగిపోతాయి. మెష్ (మోడల్‌ను విడగొట్టే చిన్న ముక్కల వల) చిన్నది చేశా, కాంటాక్ట్ (భాగాలు తాకే తీరు) మార్చా, లోడ్ పెంచా, లాభం లేదు.

తప్పంతా అక్షంలో ఉంది. అబాకస్ హింజ్ (మడతబందు లాంటి జాయింట్) తన సొంత (లోకల్) ఎక్స్ అక్షం చుట్టూనే తిరుగుతుంది. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఆన్సిస్ మెకానికల్‌లో అదే పని చేసే రివల్యూట్ జాయింట్ జడ్ చుట్టూ తిరుగుతుంది. ఆ అలవాటుతో పిన్నును జడ్ వైపు పెట్టి, మొత్తం మోడల్‌కుండే గ్లోబల్ అక్షాలనే మార్చకుండా ఉంచేశాను.

ముందు పిన్ను మధ్యలో ఒకే చోట రెండు రిఫరెన్స్ పాయింట్లు (భాగాలను కట్టడానికి పెట్టే గుర్తు బిందువులు) పెట్టా, ఛాసిస్‌కొకటి, తొట్టికొకటి. లగ్గుల రంధ్రాల లోపలి ముఖాలను వాటికి కైనమాటిక్ కప్లింగ్‌తో (ముఖం మొత్తం ఆ బిందువుతో పాటే కదిలేలా చేసే బంధం) కట్టా. తర్వాత, అసలు కీలకం ఇదే, ఎక్స్ పిన్ను పొడవునా ఉండేలా కొత్త కోఆర్డినేట్ సిస్టమ్ చేసి, రెండు పాయింట్లను కలిపే వైర్‌కు (మోడల్‌లోని గీత) హింజ్ సెక్షన్ (అది హింజ్‌లా పనిచేయాలనే నిర్వచనం) ఇచ్చేటప్పుడు దాన్నే ఎంచుకున్నా. చివరగా ఎన్‌ఎల్‌జియోమ్ (పెద్ద కదలికలను లెక్కలోకి తీసుకునే సెట్టింగ్) ఆన్ చేశా. 45 డిగ్రీలు లేవాలంటే చిన్న కదలికల లెక్క చాలదు. సీయూఆర్1 (హింజ్ ఎంత తిరిగిందో చూపే విలువ) గ్రాఫ్ 0.785 రేడియన్ల దాకా, అంటే 45 డిగ్రీల దాకా, నున్నగా ఎక్కింది. ఎంత సంతోషమేసిందో!

అన్ని మోడళ్లకూ ఇదే మందని చెప్పలేను. ముఖ్యంగా రంధ్రం అంచున ఒత్తిడి తెలియాలంటే ఇది వాడకండి, కప్లింగ్ ఆ ముఖాన్ని రాయిలా బిగించేస్తుంది. అక్కడ పిన్నును, కాంటాక్ట్‌ను నిజంగా మోడల్ చేయాల్సిందే.