బెర్నీనా రైలెక్కుతున్నారా? కిటికీ దగ్గర జాగ్రత్త

శ్రీలంక కొండ రైళ్లలో తలుపు పట్టుకుని వేలాడుతూ ఫోటో దిగబోయి పర్యాటకులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. అయినా వేసవి సెలవులకు స్విట్జర్లాండ్ వెళ్లి బెర్నీనా కొండ రైలెక్కే మనవాళ్లు, “అక్కడ అన్నీ పద్ధతిగా ఉంటాయి, ఏమీ కాదు” అంటున్నారు. బృందాలను తీసుకెళ్లే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది.

స్వెటర్ల గురించి, పాస్‌పోర్టుల గురించి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది వేరు: నడిచే రైలు కిటికీలోంచి తల, చెయ్యి, ఫోను బయట పెట్టకండి.

ఈ రైలును నడిపే స్విట్జర్లాండ్‌లోని రేషియన్ రైల్వేది మీటర్ గేజ్ దారి, అంటే పట్టాల మధ్య ఒక మీటరే ఉంటుంది. అక్కడి టూసిస్ నుంచి ఇటలీలోని తిరానో వరకు 55 సొరంగాలు, 196 వంతెనలు ఉన్నాయి. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ పెద్ద అద్దాల కిటికీలు తెరుచుకోవు. అద్దంలో మన నీడ పడకుండా ఫోటో రావాలని చాలామంది అదే దారిలో వెళ్లే మామూలు రైలు ఎక్కి, తెరుచుకునే కిటికీ వెతుక్కుంటారు. ముప్పు మొదలయ్యేది అక్కడే.

బెర్నీనా ఎక్స్‌ప్రెస్ బయలుదేరే కూర్ ఊరి నుంచి వెళ్తుంటే ఫిలిసూర్ స్టేషన్‌కు ముందు లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. ఎత్తు 65 మీటర్లు, పొడవు 136 మీటర్లే. రైలు మలుపు తిరుగుతూ దాటుతుంది కాబట్టి ముందు పెట్టెలు, రాతి స్తంభాలు ఒకే ఫోటోలో పడతాయి. వంతెన చివర నేల లేదు, నిట్టనిలువు కొండ ఉంది. రైలు నేరుగా దానిలోని సొరంగంలోకి దూరుతుంది. సెల్ఫీ తీసుకునేవాళ్ల చూపు తెర మీద, వీపు సొరంగం వైపు. మా బృందంలో ఒక పెద్దాయన అలాగే నిలబడ్డారు. భార్య చొక్కా పట్టి లోపలికి లాగింది. ఫోను గోడకు తగిలి చేతిలోంచి ఎగిరిపోయింది. ఆయన చాలాసేపు నోరు విప్పలేదు.

ఆ ఫోటో కావాలంటే ఫిలిసూర్‌లో దిగి, వంతెన కనిపించే చోటికి నడిచి వెళ్లండి. రైలు మొత్తం పడుతుంది, తల మెడ మీద ఉంటుంది.

వేసవిలో బెర్నీనా దారిలో పైకప్పు లేని పసుపు పెట్టెలు కూడా నడుస్తాయి. వాటిలో సెల్ఫీ కర్ర అసలు తీయకండి. పైన కరెంటు తీగ ఉంటుంది. బెర్నీనా దారిలో దానిలో ఉండేది 1,000 వోల్టులు.

ఎత్తు సంగతి కూడా చూసుకోండి. దారిలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ ఓస్పిజియో బెర్నీనా 2,253 మీటర్లు, తిరానో 429 మీటర్లు. ఒక్క పూటలో ఇంత ఎక్కి దిగుతారు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. మందులు చేతిసంచిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు.

దారిలోని ఆల్ప్ గ్రూమ్ స్టేషన్‌లో ఫోటోల కోసం దిగితే గార్డు కంటికి కనిపించేంత దూరంలోనే ఉండండి. అక్కడికి మోటారు దారి లేదు, రైలు తప్పితే టాక్సీ రాదు. చిన్న స్టేషన్లలో అడిగితేనే రైలు ఆగుతుంది, దిగాలంటే ముందే బటన్ నొక్కండి. పట్టాలు దాటి అవతలి ప్లాట్‌ఫారానికి పరుగెత్తకండి. తిరానోలో రైలు ఊరి మధ్య కూడలిలోంచే వెళ్తుంది, పిల్లల చెయ్యి వదలకండి. మే నెలలో పైన మంచు ఉంటుంది, నున్నటి చెప్పులు వద్దు. చివరి రైలు వేళ ముందే చూసుకోండి. వాన గట్టిగా పడితే స్టేషన్‌లో అడగండి: 2014 ఆగస్టులో టీఫెన్‌కాస్టెల్ దగ్గర కొండచరియ విరిగి రైలును పట్టాల మీంచి తోసేసింది. దారి మూసేస్తే వాదించకండి. అత్యవసరమైతే రెండు దేశాల్లోనూ 112. పిల్లలను కిటికీ దగ్గర సీటు మీద నిలబెట్టకండి. సొరంగం బయట ఉన్నా, లోపల ఉన్నా, రైలు మెల్లగా పోతున్నా సరే, తల బయట పెట్టకండి. పక్కవాళ్లు పెడితే మొహమాటం లేకుండా లోపలికి లాగండి.