ఐసోటోపుల కోసం వాన నీళ్లు పట్టే ముందు

వాన నీటిలో ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పాళ్లు కొలవాలంటే, ముందు సీసా పొడిగా ఉందా, మూత గట్టిగా బిగుస్తుందా చూసుకోండి. పాత నీటి చుక్కలున్నా లెక్క మారుతుంది.

అసలు తలనొప్పి ఆవిరితోనే. తేలికైన అణువులు ముందు ఎగిరిపోయి, ఆక్సిజన్-18, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న బరువైనవి మిగులుతాయి, దాంతో ప్రపంచ సగటున 10 పర్ మిల్ (వెయ్యికి 10 వంతులు) దగ్గర ఉండే డి-ఎక్సెస్, అంటే ఈ రెండింటి కొలతలను పోల్చి కట్టే అంకె, పడిపోతుంది. ఆ అంకె చూసినవాళ్లు చినుకు గాల్లోనే ఆరిందనుకుంటారు, తీరా ఆరింది మీ సీసాలో! అందుకే గరాటు గొట్టం సీసా అడుగుదాకా దిగాలి. పైన పారఫిన్ నూనె పోసే పద్ధతీ ఉంది కానీ, లేజర్ యంత్రంలో కొలిచేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

రోజువారీ శాంపిల్ ఉదయం 8:30కే తీయండి, వాతావరణ శాఖ వర్షపాతం లెక్కా అప్పుడే. ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాయకపోతే నెల సగటు సరిగ్గా కట్టలేం.

తీసిన శాంపిల్‌ను చిన్న సీసాలో అంచుదాకా నింపండి, గాలి మిగలొద్దు. యాసిడ్ అక్కర్లేదు.