పిల్లలున్న తల్లి అమెరికాలో కాలేజీకి వెళ్ళాలంటే: ప్రభుత్వ సాయం అడిగే పద్ధతి

టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కోర్సుల కాలేజీ) ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో, అంటే చదువుకి డబ్బు సాయం చూసే చోట పనిచేస్తున్నాను. గుడి దగ్గరో, ఇండియన్ స్టోర్‌లోనో మన ఆడవాళ్ళు నన్ను ఆపి అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "అక్కా, ఇంటర్ కాగానే పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, ఇంట్లో ఒక్క జీతమే. ఇప్పుడు చదువుకుంటే గవర్నమెంట్ ఏమైనా ఇస్తుందా?" ఇస్తుంది. ఫీజుకే కాదు, పిల్లల్ని డేకేర్‌లో ఉంచే ఖర్చుకి కూడా దారి ఉంది. ఆ రెండో సంగతి ఎవరికీ తెలియకపోవడమే నా బాధ.

ముందు రెండు విషయాలు తేల్చుకోండి. సిటిజన్‌షిప్ గానీ గ్రీన్ కార్డు గానీ ఉన్నవాళ్ళకీ, శరణార్థుల వంటి కొందరికీ ఫెడరల్ సాయం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ సాయం అందుతుంది. హెచ్4 (భర్త లేదా భార్య ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా), ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళకి పెల్ గ్రాంట్, అంటే తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి ఫెడరల్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే డబ్బు, రాదు. రెండోది, డిగ్రీ. ఇండియాలో బీకామ్, బీఎస్సీ, బీటెక్ పూర్తి చేసి ఉంటే, అది ఇక్కడ ఉద్యోగానికి పనికొచ్చినా రాకపోయినా, పెల్ విషయంలో బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నట్టే లెక్క. అప్పుడు పెల్ రాదు, ఫెడరల్ లోన్ అడగొచ్చు. ఇంటర్‌తో ఆగిపోయినవాళ్ళు, డిగ్రీ మధ్యలో మానేసినవాళ్ళు మాత్రం ధైర్యంగా అప్లై చెయ్యండి.

అప్లికేషన్ పేరు ఫాఫ్సా. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా నింపొచ్చు, నింపి పెడతామని డబ్బులు అడిగేవాళ్ళ జోలికి వెళ్ళకండి. పెళ్ళయినా, మీరు పోషించే పిల్లలున్నా మిమ్మల్ని ఇండిపెండెంట్ స్టూడెంట్‌గా చూస్తారు కాబట్టి అమ్మానాన్నల ఆదాయం అడగరు. మన వాళ్ళు ఇరుక్కునేది పేరు దగ్గర. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఏ అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో ఫాఫ్సా కోసం తెరిచే అకౌంట్‌లోనూ అలాగే ఉండాలి. కార్డు మీద ఇంటిపేరు చివర ఉండి, మీరు అలవాటుగా ముందు రాశారంటే వెరిఫికేషన్ ఆగిపోతుంది. కార్డు చేతిలో పెట్టుకుని టైప్ చెయ్యండి. భార్యాభర్తలు కలిపి ట్యాక్స్ ఫైల్ చేసి ఉంటే భర్త విడిగా అకౌంట్ తెరవక్కర్లేదు. విడివిడిగా ఫైల్ చేస్తే ఆయన కూడా లాగిన్ అయ్యి, ట్యాక్స్ వివరాలు తీసుకోవడానికి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుదల లేకపోతే ఏ ఫెడరల్ సాయమూ రాదు.

ఎంత వస్తుందంటారా? 2025-26 విద్యా సంవత్సరంలో పెల్ గరిష్ఠంగా 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు. 2026-27 ఫాఫ్సాకి 2024 ఆదాయం చూస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో అది 54,600 డాలర్ల లోపు ఉంటే పూర్తి పెల్‌కి అర్హత ఉంటుంది. ఒంటరి తల్లి, ఇద్దరు పిల్లలు అయితే ఆ గీత 58,095. అంతకన్నా ఎక్కువున్నా కొంత రావచ్చు కాబట్టి "మాకు రాదులే" అని వదిలెయ్యకండి. సెమిస్టర్‌కి పన్నెండు క్రెడిట్లు, అంటే ఫుల్‌టైమ్ చదువు, తీసుకోవాలనీ లేదు. ఆరు తీసుకుంటే సగం పెల్ వస్తుంది.

ఇక డేకేర్ సంగతి. ప్రతి కాలేజీ ఒక విద్యార్థికి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో ఒక బడ్జెట్ వేస్తుంది, దాన్నే కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ అంటారు. అందులో పిల్లల సంరక్షణ ఖర్చు కలపడానికి ఫెడరల్ చట్టంలోనే చోటుంది. క్లాసు వేళలే కాదు, చదువుకునే సమయం, ఇంటర్న్‌షిప్, దారిలో పట్టే సమయం కూడా లెక్కలోకి వస్తాయి. కానీ చాలా చోట్ల మీరు అడిగితేనే కలుపుతారు. "డిపెండెంట్ కేర్ అలవెన్స్ కలపండి" అని ఆ మాటల్లోనే అడగండి.

ఈమధ్య నర్సింగ్‌కి ముందు చదవాల్సిన కోర్సులు చేస్తున్న ఒకావిడ వచ్చింది. ఒక కాగితం మీద తన క్లాసులు, అనాటమీ ల్యాబ్, బస్సు ప్రయాణం గంటలతో సహా రాసుకొచ్చింది. దానికి డేకేర్ వాళ్ళు సంతకం పెట్టిన ఫీజు కాగితం జతచేసింది: వారానికి 180 డాలర్లు. పదహారు వారాలకి 2,880. ఆ మొత్తం ఆమె బడ్జెట్‌లో చేరింది. అలా చేరినంత మాత్రాన చెక్కు రాదు, పెల్ పెరగదు. బడ్జెట్ పెరిగినంత మేర టెక్సాస్ ఎడ్యుకేషనల్ ఆపర్చునిటీ గ్రాంట్ లాంటి రాష్ట్ర గ్రాంటుకో, కాలేజీ గ్రాంటుకో, లోనుకో చోటు దొరుకుతుంది. గ్రాంటు ఉందేమో చూశాకే లోను జోలికి వెళ్ళమంటాను.

నేరుగా డేకేర్ ఫీజు తగ్గించే పథకాలు రెండున్నాయి. ఒకటి సీక్యాంపిస్, చదువుకునే తల్లిదండ్రుల పిల్లల సంరక్షణ కోసం ఫెడరల్ ప్రభుత్వం కాలేజీలకి ఇచ్చే గ్రాంటు, 1998 చట్టంతో వచ్చింది. డబ్బు కాలేజీకి వస్తుంది, కాలేజీ తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థుల పిల్లల ఫీజులో కొంత భరిస్తుంది. అన్ని కాలేజీల్లోనూ ఉండదు కాబట్టి చేరకముందే అడగండి. పెల్‌కి తగినంత తక్కువ ఆదాయం ఉండి, మాస్టర్స్ చదువుతున్నందుకో తాత్కాలిక వీసా మీద ఉన్నందుకో మాత్రమే పెల్ రానివాళ్ళకి కూడా ఈ చట్టంలో చోటుంది. పిల్లలతో ఎమ్మెస్ చేస్తున్న అమ్మాయిలు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండోది రాష్ట్రాలు నడిపే చైల్డ్ కేర్ సబ్సిడీ. పదమూడేళ్ళ లోపు పిల్లలకి, తల్లిదండ్రులు పని చేస్తున్నా చదువుతున్నా అడగొచ్చు, గంటల నియమాలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. టెక్సాస్‌లో వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ ఆఫీసుల్లో అప్లై చెయ్యాలి. ఇందులో చూసేది పిల్లల పౌరసత్వం లేదా ఇమ్మిగ్రేషన్ స్థితి, తల్లిది కాదు. అయితే గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉన్నవాళ్ళు, ఈ సాయం తీసుకుంటే దానికేమైనా అడ్డవుతుందా అని ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. వెయిటింగ్ లిస్ట్ పొడుగ్గా ఉండొచ్చు కాబట్టి కాలేజీ సీటు కోసం ఆగకుండా ఇప్పుడే పేరు రాయించండి.

చేరాక పిల్లవాడికి జబ్బు చేసి మానేద్దామనిపిస్తే చెప్పాపెట్టకుండా ఆగిపోవద్దు. సెమిస్టర్‌లో అరవై శాతం దాటకముందే అన్ని క్లాసులూ మానేస్తే తీసుకున్న సాయంలో కొంత వెనక్కి కట్టాల్సి వస్తుంది. ముందే మా ఆఫీసు లాంటి చోటికి ఫోన్ చేసి, ఒక్క క్లాసు వదులుకుంటే ఎంత పోతుంది, అన్నీ వదిలేస్తే ఎంత పోతుందని అడగండి. గర్భవతులకి డాక్టర్ అవసరమన్నంత కాలం సెలవు ఇచ్చి తిరిగి క్లాసులోకి తీసుకోవాలని టైటిల్ నైన్, అంటే చదువులో ఆడ-మగ వివక్షని నిషేధించే ఫెడరల్ చట్టం, చెబుతోంది. ఆ మాట ప్రొఫెసర్‌తో నోటితో అని ఊరుకోకుండా, ఈమెయిల్‌లో రాసి ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.