పీసీ క్యాబినెట్ వేడెక్కి హోరెత్తుతుంటే ఏం చేయాలి?

ఎండాకాలం రాగానే చాలా ఇళ్లలో పీసీ క్యాబినెట్ పక్క ప్యానెల్ ఊడిపోయి గోడకు ఆనుకుని ఉంటుంది. కొన్నిచోట్ల టేబుల్ ఫ్యాన్ కూడా దాని వైపే తిరిగి ఉంటుంది. వేడి ఎంతో కొంత తగ్గుతుంది కాబట్టి అదే మందు అనుకుని ఏడాదంతా అలాగే నడిపిస్తారు. ప్యానెల్ తీయడం వల్ల అసలు లాభం వేరే ఉంది. తప్పు ఎక్కడుందో గంటలోపే తెలిసిపోతుంది. తెలిశాక ప్యానెల్ మళ్లీ బిగించేయాలి.

మొదటి పని: మూసి ఒకసారి, తెరిచి ఒకసారి కొలవడం

విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో ఎల్‌ఎం సెన్సర్స్ అనే కొలత ప్రోగ్రామ్‌లు ఉచితంగా దొరుకుతాయి. సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీల ఉష్ణోగ్రతలు, ప్రతి ఫ్యాన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) రాసుకోండి. గదిలో ఎంత వేడి ఉందో కూడా రాయాలి. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ చాలు.

ప్యానెల్ మూసి ఉంచి సీపీయూకు పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్ కానీ, మీరు రోజూ ఆడే గేమ్‌లో ఒకే సీన్ కానీ 20 నిమిషాలు నడపండి. అంకెలు పెరగడం ఆగాకే రాసుకోవాలి, ఐదు నిమిషాలకే తీసిన లెక్క పనికిరాదు. తర్వాత ప్యానెల్ తీసి అదే పని, అంతే సేపు. సీలింగ్ ఫ్యాన్ మొదటిసారి తిరుగుతుంటే రెండోసారీ తిరగాలి.

ఉష్ణోగ్రతలోంచి గది వేడిని తీసేసి మిగిలినదాన్ని పోల్చండి. గది 30 డిగ్రీలున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు 75 చూపిస్తే తేడా 45. ఫ్యాన్ వేగం మారకపోతే గది 40కి చేరినప్పుడు కార్డు దాదాపు 85కి చేరుతుంది. అందులో క్యాబినెట్ తప్పేమీ లేదు. డిసెంబరు రాత్రి అంకెలతో మే మధ్యాహ్నం అంకెలు పోల్చి కంగారుపడేవాళ్లు మరిచిపోయేది ఇదే. ఇంకో సంగతి: గ్రాఫిక్స్ కార్డు తన ఫ్యాన్ వేగాన్ని తానే మార్చుకుంటుంది. ప్యానెల్ తీసినా ఉష్ణోగ్రత అంతే ఉండి, ఆర్‌పీఎం 1900 నుంచి 1500కి దిగితే అదీ మెరుగుదలే.

ఇక ఫలితం చదవండి. సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఏడెనిమిది డిగ్రీలో అంతకన్నా ఎక్కువో దిగితే క్యాబినెట్‌లోకి గాలి చాలడం లేదు. అప్పుడు పక్క ప్యానెల్ బిగించి, ముందు ప్యానెల్ మాత్రం తీసి మళ్లీ కొలవండి. దాదాపు అంతే దిగిందంటే దోషం ముందున్న అద్దానిదో, దాని వెనక పూడుకుపోయిన ఫిల్టర్‌దో. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే దిగితే దాని కిందికి కొత్త గాలి రావడం లేదు, ముందు వైపు అడుగున ఉన్న ఫ్యాన్ చూడండి. రెండు మూడు డిగ్రీలకు మించి ఏదీ మారకపోతే క్యాబినెట్‌ను వదిలేయండి. సీపీయూ మీది కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా రెండింటి మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది, లేదా ఆ చిప్ స్వభావమే అంత. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్ల వరుసలో ఎక్స్ మోడళ్లు పూర్తి లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారయ్యాయి. ఆ అంకె చూసి కొత్త క్యాబినెట్ కొంటే డబ్బు దండగ.

కొన్నిసార్లు ప్యానెల్ తీస్తే హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ, మదర్‌బోర్డు పవర్ భాగాలు ఇంకా వేడెక్కుతాయి. ముందు ఫ్యాన్ల గాలి మూసిన డబ్బాలో వాటి మీదుగా వెనక్కి పోతుంది, తెరిస్తే మధ్యలోనే పక్కకు జారిపోతుంది. మీ అంకెలు ఇలా వస్తే గాలి దారి బాగున్నట్టే.

తెరిచి ఎందుకు ఉంచకూడదు

దుమ్ము సంగతి అందరికీ తెలుసు. మన ఇళ్లలో అంతకన్నా ప్రమాదం బల్లులు. వెచ్చగా ఉంటుందని దూరి, మదర్‌బోర్డు మీదో గ్రాఫిక్స్ కార్డు వెనకో రెండు పిన్నుల మధ్య పడితే షార్ట్ అవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో తిరిగే రెక్కల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎయిర్ కూలర్ ఎదురుగా తెరిచిన క్యాబినెట్ పెడితే తడిగాలి, ఒక్కోసారి నీటి తుంపర నేరుగా బోర్డు మీదికి వెళ్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలికి స్క్రూలు, కనెక్టర్లు మామూలుగానే తుప్పు పడతాయి, తెరిచి ఉంచితే ఇంకా త్వరగా.

మోత కూడా పెరుగుతుంది. ప్యానెల్ రేకు ఆపుతున్న ఫ్యాన్ల హోరు, హార్డ్ డిస్క్ గరగర, కాయిల్ కీచు (గ్రాఫిక్స్ కార్డులోని తీగచుట్ల సన్నటి శబ్దం) అన్నీ నేరుగా చెవికి చేరతాయి.

ప్యానెల్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు క్యాబినెట్ రేకుకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ రేకు మీద మెయిన్స్ వోల్టేజీలో సగం దాకా నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అయినా అలాగే వదలకూడదు. మూడు పిన్నుల ప్లగ్‌కు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి ఉంటే తీసేయండి, సాకెట్‌లో ఎర్త్ నిజంగా పనిచేస్తోందో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అది తేలేదాకా లోపల చెయ్యి పెట్టే పనేదీ చేయకండి.

పైసా ఖర్చు లేని మార్పు

కంప్యూటర్ టేబుల్‌లో క్యాబినెట్ కోసం చేసిన చెక్క అర చాలా సమస్యలకు మూలం. మూడు వైపులా చెక్క, వెనక గోడ. వెనక నుంచి పోయిన వేడిగాలి తిరిగి ముందుకొచ్చి లోపలికే వెళ్తుంది. క్యాబినెట్‌ను ఆ అరలోంచి బయటికి తీసి, వెనక కనీసం 15 సెంటీమీటర్లు, ముందు 10 సెంటీమీటర్లు ఖాళీ వదిలి ఒకసారి కొలవండి. పై భాగానికి జాలీ ఉంటే దాని మీద పుస్తకాలు, యూపీఎస్ లాంటివి పెట్టకూడదు. ఎస్‌ఎంపీఎస్ కింది నుంచి గాలి తీసుకునే రకమైతే తివాచీ మీద పెట్టకండి, పలక మీద పెట్టండి.

మోత ఎక్కడి నుంచి వస్తోంది?

ఒక్కో లోపానికి ఒక్కో శబ్దం. వేగంతో పాటు పెరిగే గాలి హోరు ఫ్యాన్లది. ఒక వేగం దగ్గర మాత్రమే గుయ్యిమని, కాస్త పెంచినా తగ్గించినా పోయేది రేకు అదురు. లయగా టిక్‌టిక్ అంటే కేబుల్ రెక్కకు తగులుతోంది. ఉదయం ఆన్ చేయగానే గరగరమని కాసేపటికి సర్దుకుంటే బేరింగ్ అరిగింది, దానికి నూనె వేసినా కొన్నాళ్లే, మార్చడం మేలు. గేమ్ మెనూలో ఫ్రేములు వందల్లోకి వెళ్లినప్పుడు సన్నగా కీచుమంటే అది కాయిల్ శబ్దం, ఫ్యాన్లు ఎన్ని మార్చినా పోదు.

ఏ ఫ్యాన్‌దో తేలకపోతే మందపాటి కాగితం గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, రెండోది ఒక్కో ఫ్యాన్ దగ్గర పెట్టి వినండి. ఖాయం చేసుకోవాలంటే పీసీ ఆపి, ఒక్కో క్యాబినెట్ ఫ్యాన్ కనెక్టర్ తీసి ఆన్ చేసి చూడండి. సీపీయూ ఫ్యాన్ మాత్రం తీయకండి. ఫోన్‌లో డెసిబెల్ యాప్ వాడితే ముందూ తర్వాతా తేడా కోసమే వాడండి, ఒకే చోట, ఒక మీటరు దూరంలో, సీలింగ్ ఫ్యాన్ ఆపి.

రేకు అదురు అయితే ముందు స్క్రూలన్నీ బిగించండి. హార్డ్ డిస్క్ ట్రేకు రబ్బరు వాషర్లు వేయండి. క్యాబినెట్‌ను టేబుల్ పైనుంచి నేల మీదికి దించినా చెక్క గుయ్యిమనడం పోతుంది.

శుభ్రం చేయడం

స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి వదలండి. క్యాబినెట్‌ను బాల్కనీలోకి తీసుకెళ్లి చేతి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. ప్రతి ఫ్యాన్ రెక్కనూ వేలితో పట్టుకునే కొట్టాలి. వదిలేస్తే బ్లోయర్ గాలికి ఫ్యాన్ తట్టుకోలేనంత వేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది, పైగా తిరిగే మోటారు బోర్డులోకి కరెంటు పంపుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు ఆనించకండి, స్టాటిక్ పుడుతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది. బయటి నుంచే గాలి కొట్టండి. ఫిల్టర్లు నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టాలి.

పరీక్షలో కూలర్ తప్పని తేలితే పేస్ట్ మార్చాలి. ముందు పీసీని ఐదు పది నిమిషాలు నడిపి పేస్ట్‌ను వేడెక్కనివ్వండి, ఆ తర్వాత ఆపి విప్పండి. ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) రైజెన్ అయితే కూలర్‌ను నేరుగా పైకి లాగకూడదు. మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులు చేసి తీయాలి, లేకపోతే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో కొత్తది బఠాణీ గింజంత పెట్టండి. స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించండి. ఇంటెల్ డబ్బాలో వచ్చే పుష్ పిన్ కూలర్‌తో తరచూ జరిగేది వేరు: నాలుగు పిన్నుల్లో ఒకటి పట్టదు, సీపీయూ చిటికెలో 100 డిగ్రీలు తాకుతుంది. బోర్డు వెనక నాలుగు పిన్నులూ పూర్తిగా బయటికి వచ్చి విచ్చుకున్నాయో లేదో చూడాలి.

ఫ్యాన్లు ఎక్కడ, ఎటు

ఫ్యాన్‌కు ప్లాస్టిక్ కాళ్లు కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. రెక్కలు విప్పారి కనిపించే వైపు నుంచి లోపలికి పీలుస్తుంది. అనుమానముంటే సన్నటి టిష్యూ ముక్క పట్టి చూడండి. ముందు, అడుగు భాగాల నుంచి లోపలికి, వెనక, పై భాగాల నుంచి బయటికి అన్నది మామూలు పద్ధతి.

మన వీధుల దుమ్ముకు, ముందు వైపు మూడు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే సరిపోతుంది. లోపలికి వచ్చేది ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికి తోస్తుంది, దుమ్ము ఫిల్టర్ల దగ్గరే ఆగుతుంది. పైన ముందు మూలలో బయటికి తోసే ఫ్యాన్ పెట్టకండి, ముందు నుంచి వచ్చిన చల్లగాలిని సీపీయూ కూలర్‌కు అందకముందే లాగేస్తుంది.

మోత లెక్కలో ఒక వెసులుబాటు ఉంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అలాంటిదే ఇంకో ఫ్యాన్ కలిపితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. కాబట్టి ఒక్క ఫ్యాన్‌ను 1600 ఆర్‌పీఎంతో అరిపించే బదులు రెండింటిని 800తో తిప్పండి. జాగా ఉంటే 120 మిల్లీమీటర్లకు బదులు 140 పెట్టండి.

తక్కువ ధర క్యాబినెట్లలో ముందు రంగుల లైట్ల ఫ్యాన్లు మోలెక్స్ కనెక్టర్‌తో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు కలిపి ఉంటాయి. అవి సాధారణంగా 12 వోల్టులతో పూర్తి వేగంతోనే తిరుగుతాయి, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఏం మార్చినా వాటికి అందదు. వాటిని తీసి మదర్‌బోర్డు వేగం మార్చగల 4 పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లు వేస్తే సగం గొడవ వదులుతుంది. మదర్‌బోర్డు ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ వైరు గుచ్చే చోటు) సాధారణంగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది. ఫ్యాన్ మీద 0.3 ఆంపియర్ కన్నా తక్కువ రాసి ఉంటే స్ప్లిటర్‌తో మూడింటిని ఒకే హెడర్‌కు కలపవచ్చు. లైట్ల వైరు మాత్రం చూసి పెట్టండి: 5 వోల్టుల లైట్లను 12 వోల్టుల హెడర్‌లో దూరిస్తే కాలిపోతాయి.

వేగం ఎప్పుడు పెరగాలి?

బ్రౌజర్ తెరవగానే ఫ్యాన్లు ఒక్కసారి గయ్యిమని లేచి మళ్లీ తగ్గుతుంటే వేడి కాదు, సెట్టింగు తప్పు. ఇప్పటి సీపీయూలు ఒక్క సెకనులో 15, 20 డిగ్రీలు ఎగిరి దిగుతాయి. ఆసుస్‌లో క్యూ ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీలు బయోస్‌లో ఉంటాయి. అక్కడ స్టెప్ అప్ టైమ్ లాంటి ఆలస్యాన్ని 3 నుంచి 5 సెకన్లు చేయండి. 3 పిన్నుల ఫ్యాన్‌ను డీసీ (వోల్టేజీతో వేగం మార్చే) మోడ్‌లో, 4 పిన్నులదాన్ని పీడబ్ల్యూఎం మోడ్‌లో పెట్టాలి. తారుమారైతే మూడు పిన్నులది పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది.

మొదలుపెట్టడానికి ఈ అంకెలు: సీపీయూ 50 డిగ్రీల దాకా ఫ్యాన్ వేగం 30 శాతం, 70 దగ్గర 60 శాతం, 85 దగ్గర 100 శాతం. క్యాబినెట్ ఫ్యాన్లు అంతకన్నా నెమ్మదిగా పెరగాలి. గేమ్‌లు ఆడేవాళ్లు వీటిని గ్రాఫిక్స్ కార్డు వేడికి ముడిపెడితే మంచిది. బయోస్‌లు ఎక్కువగా ఆ వేడిని చూడలేవు, విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ చూడగలదు. ఏదైనా ఆర్‌పీఎం దగ్గర గుయ్యిమంటే ఫ్యాన్ వేగం గీతను ఆ అంకె పైకో కిందికో జరపండి. డీసీ ఫ్యాన్‌ను 40 శాతం కన్నా తగ్గిస్తే కొన్ని అసలు మొదలవ్వవు. కంప్యూటర్ పూర్తిగా చల్లారాక ఆన్ చేసి, అన్నీ తిరిగాయో లేదో కళ్లతో చూడండి.

అయినా చాలకపోతే పుట్టే వేడినే తగ్గించాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించితే చాలా కార్డుల్లో ఫ్రేములు పెద్దగా పడిపోవు, ఫ్యాన్ హోరు మాత్రం బాగా దిగుతుంది. ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్ రేటు దగ్గర ఆపితే కాయిల్ కీచు కూడా చాలావరకు తగ్గుతుంది. రైజెన్‌కు బయోస్‌లో కరెంటు వాడకం తగ్గించే ఈకో మోడ్ ఉంటుంది. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతం చేస్తే సాధారణంగా టర్బో (అదనపు వేగం) ఆగుతుంది, ఆఫీసు పనికి ఆ తేడా పెద్దగా తెలియదు.

చివరిగా ప్యానెల్ బిగించి మొదటి పరీక్ష మళ్లీ చేయండి. మూసినప్పటికీ తెరిచినప్పటికీ తేడా మూడు నాలుగు డిగ్రీల లోపుకు వస్తే అక్కడితో ఆపేయవచ్చు. ముందు అద్దం తీస్తే తప్ప ఆ తేడా తగ్గడం లేదంటే, జాలీ ముఖమున్న క్యాబినెట్‌కు మారడమే దారి.