చలిలో కుక్క కాన్పు: ఏ లక్షణానికి ఏం చేయాలి

చిత్త కార్తెలో జతకట్టిన కుక్క సుమారు 63 రోజులకు, అంటే సరిగ్గా డిసెంబరు చలిలో పిల్లలు పెడుతుంది. మా కోరాపుట్ చలి తెలిసిందే. రాత్రిపూట వచ్చే పశువుల డాక్టరెవరో ముందే కనుక్కుని, నంబరు గోడ మీద రాసుకోండి.

సమస్య: పెట్టెలో పడుకోదు, మంచం కిందే దూరుతుంది.
కారణం: పెట్టె ఆలస్యంగా పెట్టాం, అదీ నలుగురూ తిరిగే చోట.
పరిష్కారం: రెండు వారాల ముందే చీకటి మూలలో పాత నూలు చీరలు పరిచి అలవాటు చేయండి.

సమస్య: రోజులు నిండాయి, నొప్పుల్లేవు.
కారణం: లెక్క జతకట్టిన రోజు నుంచి కాబట్టి 58 నుంచి 68 దాకా ఎప్పుడైనా కావచ్చు.
పరిష్కారం: 58వ రోజు నుంచి పూటకోసారి జ్వరం చూడండి. మామూలుగా 101–102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 99 కంటే తగ్గితే ఒక రోజులోపు కాన్పు. ఆ రోజూ దాటితే డాక్టరు దగ్గరికి.

సమస్య: గట్టిగా ముక్కుతోంది, పిల్ల రాదు.
కారణం: పిల్ల అడ్డం తిరిగి ఉండొచ్చు, లేదా దారికి మించి పెద్దదై ఉండొచ్చు.
పరిష్కారం: అరగంట దాటితే ఆగకండి. మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చ నీరు కనిపిస్తే మాయ విడిపోయినట్టు, వెంటనే బయల్దేరండి. గేదె పాలు చేపడానికి వాడే ఇంజెక్షన్ వేసేయమని పక్కింటాయన సలహా ఇస్తాడు. పొరపాటున కూడా వినకండి, లోపల పిల్ల ఇరుక్కుని ఉంటే గర్భసంచి చిరిగిపోగలదు. రెండు పిల్లల మధ్య ముక్కకుండా రెండు గంటలు పడుకుంటే మాత్రం టెన్షన్ వద్దు.

సమస్య: పుట్టిన పిల్లలో కదలిక లేదు.
పరిష్కారం: తల్లి పొర చింపకపోతే మీరే చింపి, ముక్కూ నోరూ తుడిచి, తువ్వాలుతో వీపు రుద్దండి.

సమస్య: పిల్లలు చల్లబడి మూలుగుతున్నాయి.
కారణం: మొదటి రెండు మూడు వారాలు వాటికి ఒంటి వేడి నిలవదు.
పరిష్కారం: వేణ్నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు, ముందు పోస్తే అరగవు. ఒకసారి నేను తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టాను. తల్లి ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని వరండాలోకి మోసుకుపోయింది. పొగ సంగతి నాకన్నా దానికే ముందు తెలిసింది.

సమస్య: రెండు మూడు వారాలకు తల్లి వణుకుతూ, రొప్పుతూ, కాళ్లు బిగేసి నడుస్తోంది.
కారణం: పాలిచ్చి పాలిచ్చి రక్తంలో కాల్షియం పడిపోయింది.
పరిష్కారం: పిల్లల్ని విడదీసి అప్పటికప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.